ముందు సీటు ఎత్తు సరిచేయండి, ఆరోగ్యం సంగతి తర్వాత

తోటి ఉద్యోగులను సైకిల్ మీద ఆఫీసుకు రప్పించాలనుకునేవాళ్లు మొట్టమొదట మానుకోవలసిన పని ఒకటుంది: భూగోళాన్ని కాపాడమని వాళ్లను బతిమాలడం. మా ఆఫీసు నోటీసు బోర్డు మీద ఏటా జూన్ 3న ఒక పోస్టరు వెలుస్తుంది. ఐక్యరాజ్యసమితి 2018లో ఆ తేదీని ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ప్రకటించింది కదా, దాని పుణ్యం. ఆకుపచ్చని భూగోళం, దాని మీద నవ్వుతూ సైకిల్ తొక్కే కుటుంబం. ఆ పోస్టరు చూసి సైకిల్ కొన్న మనిషి నాకు ఇంతవరకూ తారసపడలేదు. మర్నాడు దాని మీదే క్యాంటీన్ వేళల కాగితం అంటిస్తారు.

నేను లెక్కల విభాగంలో పనిచేస్తాను. రోజూ సైకిల్ మీదే వస్తాను. త్వరగా చేరతాను, బండి పెట్టడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు, పైగా పొద్దున్నే ఎవరితోనూ మాట్లాడకుండా గడిచే ఆ కాసేపు నాకు ఇష్టం. అంతకుమించి గొప్ప కారణమేమీ లేదు. ఇది నా ఒక్కదాని స్వార్థం కాదని చెప్పడానికి డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ అక్కరకొస్తుంది. ఆ నగరపాలక సంస్థ 1990ల నుంచి దాదాపు రెండేళ్లకోసారి తమ ఊరి సైకిళ్ల లెక్కలు ప్రచురిస్తోంది. మీరెందుకు తొక్కుతున్నారని అడిగితే అక్కడ ఎక్కువమంది చెప్పే జవాబు త్వరగా చేరతామని, సులువుగా ఉంటుందని. పర్యావరణం కోసమని చెప్పేవాళ్లు వాళ్లకన్నా తక్కువ. సైకిళ్లకు ప్రపంచంలోనే పేరుపడ్డ ఊరివాళ్లే పర్యావరణాన్ని వెనక వరుసలో కూర్చోబెడితే, మనం దాన్ని ముందుకు లాక్కొచ్చి ఎవరిని ఒప్పిస్తాం?

నాకు అర్థమైనంతవరకు సైకిల్ ఎక్కనివాళ్లకు దాని మీద వ్యతిరేకత ఏమీ ఉండదు. ప్రతివాళ్లకూ ఏదో ఒక చిన్న అడ్డంకి ఉంటుంది. ఒకరికి చెమట, ఒకరికి మోకాళ్లు, ఒకరికి ఒకే ఒక్క కూడలి. ఆ అడ్డంకి ఏమిటో కనుక్కుని దాన్ని తీసేయడమే అసలు ప్రచారం. అందుకే నేను పదిమందిని పోగుచేసి మాట్లాడను. ఒక్కరితో, అదీ వాళ్లంతట వాళ్లు అడిగినప్పుడు మాట్లాడతాను. హెల్మెట్ చేతిలో పట్టుకుని లిఫ్టులో నిలబడితే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు.

అడిగే మొదటి మాట దాదాపు ఎప్పుడూ చెమట గురించే. ఇది సాకు అని కొట్టిపారేసే సైకిల్ వీరులున్నారు. నేను కొట్టిపారేయను. తడిసి వీపుకు అతుక్కున్న చొక్కాతో పొద్దుటి సమావేశంలో కూర్చోవడం ఎవరికి ఇష్టం? అయితే దీనికి మందు అత్తరు సీసాలో లేదు, కాస్త భౌతికశాస్త్రంలో ఉంది. మన కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే పెడల్ వరకు వెళుతుంది. మిగతాదంతా వేడి. అంటే పెడల్ మీద 100 వాట్లు పెడితే ఒంట్లో మరో 300 వాట్ల వేడి పుడుతుంది, గదిని వెచ్చబెట్టే చిన్న హీటరును కడుపులో పెట్టుకున్నట్టే. ఇక గాలి. దాన్ని తోసుకుంటూ పోవడానికి కావలసిన శక్తి వేగంతో సమానంగా పెరగదు, వేగం ఘనంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. అందుకని గంటకు 20 కిలోమీటర్ల వేగం నుంచి 15కు తగ్గితే, గాలి మీద పెట్టే శక్తి సగం కన్నా కిందికి పడిపోతుంది. మరి ఆలస్యం ఎంత? 5 కిలోమీటర్ల దారికి 15 నిమిషాలు పట్టేది 20 నిమిషాలవుతుంది. పొడి చొక్కాకు ఖర్చు అయిదు నిమిషాలు. లెక్కల మనిషిగా చెబుతున్నాను, ఇంత చవక బేరం మీకు ఇంకెక్కడా దొరకదు.

దీనిలో ఇంకో కిటుకు ఉంది, ఇది తొక్కేవాళ్లలో కూడా చాలామంది గమనించరు. చెమట దారిలో ఉన్నంతసేపూ మనకు తెలియదు, ఒంటికి తగిలే గాలి దాన్ని ఆరబెడుతూ ఉంటుంది. ఆఫీసు గేటు దగ్గర దిగి ఆగగానే గాలి ఆగిపోతుంది, ఒంట్లో వేడి మాత్రం ఆగదు. అప్పుడు ఒక్కసారిగా ఊట మొదలవుతుంది. కాబట్టి చివరి కిలోమీటరు కావాలనే నెమ్మదిగా, పెడల్ మీద బరువు వేయకుండా రండి. వచ్చాక వెంటనే చొక్కా మార్చకండి, మార్చిన చొక్కా కూడా తడుస్తుంది. పది నిమిషాలు ఫ్యాను కింద నిలబడి, మొహం, మెడ, చేతులు చల్లటి నీళ్లతో కడుక్కుని అప్పుడు మార్చుకోండి. బ్యాగు వీపుకు తగిలించుకోకుండా క్యారియర్ మీద కట్టేయండి. వీపు మీద బ్యాగు ఉన్నంత మేరా గాలి ఆడదు, సరిగ్గా అంతమేరా చొక్కా మీద పటం గీసినట్టు మరక పడుతుంది. గాలిలో తేమ బాగా ఉన్న రోజుల్లో ఈ ఉపాయాలు సగమే పనిచేస్తాయి. అలాంటి రోజుల కోసం సొరుగులో మరో చొక్కా, ఒక తువ్వాలు ఉంచుకోవాలి. స్నానాల గది ఉంటే భాగ్యమే, లేకపోతే సైకిలే లేదనుకోవడం మాత్రం అతి.

దూరం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తమ ఇంటికి, ఆఫీసుకు మధ్య ఎన్ని కిలోమీటర్లని అడిగితే చాలామంది నిమిషాల్లో చెబుతారు, అదీ రద్దీలో పట్టే నిమిషాలు. మ్యాపులో చూపిస్తే వాళ్లే ఆశ్చర్యపోతారు. ఏడెనిమిది కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లతో నేను ధైర్యంగా మాట్లాడతాను. పదిహేను దాటితే రోజూ రమ్మని ఎవరికీ చెప్పను. కొంత దూరం రైల్లోనో బస్సులోనో వచ్చి మిగతాది తొక్కడమో, మోటారు సాయం ఉన్న విద్యుత్ సైకిల్ తీసుకోవడమో వాళ్ల దారి. ఐరోపా సమాఖ్య (ఈయూ) నిబంధనల ప్రకారం ఆ సైకిల్ మోటారు 250 వాట్లకు మించకూడదు, గంటకు 25 కిలోమీటర్ల వేగానికి చేరేసరికి సాయం ఆపేయాలి. ఆ పరిమితుల్లో ఉన్నదాన్ని సైకిల్‌గానే లెక్కగడతారు. అది మోసం అని ముక్కు విరిచే పాతకాపులు మా ఆఫీసులోనూ ఉన్నారు. ఎత్తు పల్లాల దారిలో యాభై అయిదేళ్ల మనిషి రోజూ వస్తుంటే, ఆ మోసం నాకు సమ్మతమే.

ఇక మోకాళ్లు. కొనుగోళ్ల విభాగంలో ఒక పెద్దాయన ఉన్నారు. ఇంట్లో మూలపడి ఉన్న సైకిల్‌ను బాగుచేయించి ఉత్సాహంగా మొదలుపెట్టారు. ఆ వారం గడవకముందే నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డారు.

"మోకాళ్లు పట్టేస్తున్నాయి మేడమ్. ఈ వయసులో మనవల్ల కాదులెండి."

"వయసు సంగతి తర్వాత చూద్దాం. సైకిల్ ఏదీ?"

సాయంత్రం కిందికి వెళ్లి ఆయన్ను సీటు మీద కూర్చోబెట్టి, గోడ పట్టుకోమన్నాను. పెడల్‌ను అట్టడుగుకు తిప్పి దాని మీద మడమ పెట్టమన్నాను. కాలు నిటారుగా చాపుకోవాలి కదా, ఆయన మోకాలు ఇంకా చాలా వంగి ఉంది. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని చిన్నప్పుడు ఎవరో చెప్పారట, అలాగే సీటు కిందికి దింపించుకున్నారు. చిన్నపిల్లలు నేర్చుకునేటప్పుడు అది సరే. రోజూ తొక్కే పెద్దవాళ్లకు ఆ ఎత్తులో ప్రతి తొక్కుడూ గొంతుకూర్చుని లేచినట్టు ఉంటుంది, భారమంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. సీటు కింది బోల్టు వదులు చేసి, గొట్టాన్ని అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగాను. ఫ్రేములో ఇన్నాళ్లూ దాక్కున్న భాగం నల్లటి గ్రీజుతో, తుప్పు లేకుండా బయటికొచ్చింది. పైభాగమంతా గోధుమరంగుకు తిరిగి, ఆ కిందిది మాత్రం కొత్తదానిలా ఉంది. సీటు గొట్టం మీద ఇంతకు మించి లాగకూడదని ఒక గీత ఉంటుంది, అది కనబడకుండా చూసుకుని బిగించాను. మళ్లీ మడమ పెట్టించాను. కాలు చాపుకుంది. మడమ బదులు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది, కావలసింది అంతే.

ఆయనకు మొదట భయం వేసింది, నేల అందడం లేదని. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకు జారి దిగాలని చూపించాను. ఆవరణలో రెండు చుట్లు తిరిగి వచ్చి, సీటు తట్టి, "ఇది నా సైకిలేనా?" అన్నారు. ఇంతకన్నా పెద్ద ఉపన్యాసం నేను ఎవరికీ ఇవ్వలేదు. రెండో సలహాగా గేరు ఒకటి తగ్గించి, కాళ్లు కొంచెం వేగంగా, తేలిగ్గా తిప్పమన్నాను. బరువైన గేరులో నెమ్మదిగా తొక్కితే కండ బలం పెరుగుతుందని చాలామంది నమ్మకం. పెరిగేది ఎక్కువగా మోకాలి నొప్పి.

సైకిల్ బాగుండకపోవడాన్ని మనిషి తన చేతకానితనంగా లెక్క రాసుకుంటాడు, నన్ను బాధపెట్టేది ఇదే. టైరులో గాలి సగమే ఉంటే "నాకు దమ్ము లేదు" అనుకుంటాడు. టైరు పక్క అంచు మీద ఎంత గాలి పట్టాలో పీఎస్‌ఐలలో (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) అచ్చుపోసి ఉంటుంది, అది చదివినవాళ్లు ఎంతమంది? మామూలు రోజువారీ సైకిల్ టైరుకు 50, 60 పీఎస్‌ఐ అనేది అసాధారణమేమీ కాదు, కారు టైరుకు పట్టేదానికన్నా ఎక్కువే. పైగా పంక్చర్ లేకపోయినా ట్యూబు రబ్బరులోంచి గాలి మెల్లమెల్లగా జారిపోతుంది. పది, పదిహేను రోజులకోసారి కొట్టవలసిందే. అందుకే మా ఆఫీసులో సైకిల్ ప్రచారం కోసం ఏం కొనమంటారని పైవాళ్లు ఒకసారి అడిగినప్పుడు, టీషర్టులు వద్దు, ఒత్తిడి చూపే ముల్లు ఉన్న నిలువు పంపు ఒకటి కొనమన్నాను. కొన్నారు. దాన్ని గొలుసుతో స్తంభానికి కట్టేశాం. పక్కనే ఒక డబ్బాలో పంక్చర్ అతుకులు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ బద్దలు, బోల్టులు తిప్పే ఆరు పలకల అలెన్ కీలు. అతుకులు తరచూ మాయమవుతుంటాయి. మాయమైతే ఎవరో వాడుతున్నట్టే కదా, నింపుతూ పోతున్నాం.

మోకాళ్ల తర్వాత వచ్చేది భయం, అన్నిటికన్నా న్యాయమైన అడ్డంకి ఇదే. రోడ్డు మీద సైకిల్ అంటే భయం వేయడం పిరికితనం కాదు. దీన్ని ఓదార్పు మాటలతో తీర్చలేం, పక్కన తొక్కి తీర్చాలి. డిజైన్ విభాగంలో చేరిన ఒక అమ్మాయికి సైకిల్ బాగా వచ్చు, కానీ ఆఫీసు దారి తలచుకుంటేనే వణుకు. సెలవు రోజు పొద్దున్నే రద్దీ లేనప్పుడు ఇద్దరం కలిసి వెళ్లాం. ఆఫీసులో మేడమ్ అనే పిల్ల రోడ్డెక్కగానే అక్కా అనడం మొదలుపెట్టింది. అసలు సమస్య ఏమిటంటే, ఆమె తన బస్సు వచ్చే దారినే సైకిల్ మీద ఊహించుకుంటోంది. కారుకు, బస్సుకు మంచి దారి సైకిల్‌కు మంచిది కానక్కర్లేదు. పెద్ద రోడ్డుకు సమాంతరంగా ఇళ్ల మధ్య నుంచి వెళ్లే చిన్న రోడ్లు దాదాపు ఎక్కడైనా ఉంటాయి. కాస్త చుట్టు అవుతుంది, అయితేనేం, లారీలు ఉండవు. అలా వెతికితే ఆమె దారిలో భయపెట్టేది ఒకే ఒక్క కూడలి మిగిలింది.

"ఇక్కడ ఏం చేయాలి అక్కా?"

"దిగి నడిపించుకుంటూ దాటు."

"అలా దిగొచ్చా?"

దిగొచ్చు. దిగి నెట్టుకుంటూ వెళితే మనం పాదచారులమే, పాదచారుల దారిలో దాటితే సరిపోతుంది. ఆ సంగతి ఎవరూ చెప్పక ఆమె ఇన్నాళ్లూ మొత్తం దారినే మానుకుంది. ఇప్పటికీ ఆ కూడలి దగ్గర దిగుతుంది, నేను కూడా వానపడ్డ రోజు దిగుతాను.

దారిలో చెప్పిన మిగతావి కొన్నే. ఆగి ఉన్న కార్లకు కనీసం ఒక మీటరు ఎడం ఉంచాలి, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. అంచుకు పూర్తిగా ఒదిగిపోతే మర్యాద అనుకుంటాం, నిజానికి అది వెనకవాళ్లకు మనం లేమని చెప్పడమే. మలుపు తిరగబోతున్న లారీకి, రోడ్డు అంచుకు మధ్య సందులోకి ఎంత తొందరున్నా దూరకూడదు. డ్రైవరు అద్దంలో మనం కనబడని చోటు అది. వానలో రోడ్డు మీద రంగు గీతలు, ఇనప మూతలు జారతాయి, వాటి మీద బ్రేకు వేయకూడదు, మలుపు తిప్పకూడదు. రిమ్ముకు పట్టే బ్రేకులైతే తడిలో ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. ముందు తెల్లటి దీపం, వెనక ఎర్రటిది.

కార్లలో వచ్చే సహోద్యోగులను సైకిల్ ప్రచారంలో ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవాలి. వాళ్లు రేపు సైకిల్ ఎక్కకపోయినా తలుపు తెరిచే పద్ధతి మార్చుకోగలరు. తలుపుకు దగ్గరి చేత్తో కాకుండా దూరపు చేత్తో తీయడమే ఆ పద్ధతి. అలా తీస్తే ఒళ్లు తనంతట తానే తిరుగుతుంది, చూపు వెనక్కి పోతుంది, వచ్చే సైకిల్ కనబడుతుంది. దీన్ని డచ్చివాళ్ల, అంటే నెదర్లాండ్స్‌వాళ్ల పద్ధతి అంటారు. బ్రిటన్ రహదారి నియమావళిలో 2022లో ఈ సలహాను చేర్చారు. మా న్యాయ విభాగంలో ఒకాయన సైకిల్ అంటేనే ఆమడ దూరం పోతారు, ఈ తలుపు పద్ధతి మాత్రం ఆయనకు ఎంత నచ్చిందంటే, కారులో పక్కన కూర్చున్నవాళ్లచేత కూడా సాధన చేయిస్తున్నారు.

డచ్చివాళ్ల పేరు ఎత్తితే వెంటనే వచ్చే జవాబు: "అక్కడి సంగతి వేరండీ, వాళ్ల రోడ్లు అలా ఉంటాయి." ఆ రోడ్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నెదర్లాండ్స్ కూడా అందరిలాగే కార్లకు దారులు వదిలింది. 1971 ఒక్క ఏడాదే అక్కడ రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో నాలుగు వందలకు పైగా పిల్లలే. 'పిల్లల హత్య ఆపండి' అంటూ తల్లిదండ్రులు రోడ్ల మీద కూర్చున్నారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి, కార్లు తిరగని ఆదివారాలు పెట్టవలసి వచ్చింది. అడగగా అడగగా దారులు వచ్చాయి. మా ఆఫీసులో అంత పెద్ద ఉద్యమం చేయనక్కర్లేదు, ఒక స్టాండు అడిగితే చాలనుకున్నాం.

ఆ స్టాండు కథ కొంచెం చెప్పాలి. మొదట పాత స్టాండు ఉండేది, చక్రం మాత్రం దూర్చే ఇనప చట్రం. దాంట్లో పెట్టిన సైకిల్‌ను ఎవరైనా తోస్తే చక్రం వంకర పోతుంది, పైగా తాళం చక్రానికే పడుతుంది, ఫ్రేముకు పడదు. చక్రాన్ని అక్కడే వదిలేసి మిగతా సైకిల్ పట్టుకుపోవడం దొంగకు నిమిషం పని. మంచి సైకిల్ ఉన్నవాళ్లు అందుకే దాన్ని తెచ్చేవాళ్లు కాదు. మేం అడిగింది తిరగేసిన యూ ఆకారంలో, నేలలో పాతిన లావు గొట్టాలు. ఒక్కోదానికి అటొకటి ఇటొకటి రెండు సైకిళ్లు ఆనుతాయి, ఫ్రేమూ చక్రమూ కలిపి తాళం వేయొచ్చు. "ఇప్పుడున్నదే ఖాళీగా ఉంది, ఇంకోటి ఎందుకు?" అన్నారు పైవాళ్లు. ఇక్కడ నా లెక్కల విద్య పనికొచ్చింది. కారు నిలిపే చోటు సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు. సైకిల్‌కు పొడవు రెండు మీటర్లు, ఎడంతో కలిపి వెడల్పు సుమారు అర మీటరు. ఒక కారు చోటులో పది సైకిళ్లు. గేటు లోపల కార్ల చోటు కోసం రోజూ జరిగే గొడవలు చూస్తున్నవాళ్లకు, ఒక చోటు వదిలితే కొన్ని కార్లు రాకుండా పోవచ్చన్న మాట చెవికెక్కింది. ఆరోగ్యం, పర్యావరణం ఆ కాగితంలో ఎక్కడా రాయలేదు.

యాజమాన్యాలు తలచుకుంటే చేయగలవి ఇంకా ఉన్నాయి. బ్రిటన్‌లో 1999 నుంచి ఒక పన్ను వెసులుబాటు ఉంది. దాని కింద యజమాని సైకిల్ కొని ఉద్యోగికి వాడకానికి ఇస్తాడు, ఉద్యోగి జీతంలో కోతకు ఒప్పుకుంటాడు, ఆ మేరకు పన్ను తగ్గుతుంది. నెదర్లాండ్స్‌లో ఇంటికి ఆఫీసుకు మధ్య ప్రయాణానికి కిలోమీటరుకు ఇంతని పన్ను లేకుండా ఇవ్వొచ్చు, 2024లో అది 0.23 యూరో, సైకిల్ మీద వచ్చినా సరే. కారు పెట్రోలు బిల్లులు మాత్రమే చెల్లించే ఆఫీసుల్లో మనం అడగదగిన మొదటి ప్రశ్న ఇది: తొక్కిన కిలోమీటరు కిలోమీటరు కాదా?

ఆరోగ్యం గురించి అస్సలు మాట్లాడనని కాదు, అడిగితే చెబుతాను. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. రెండున్నర లక్షల మందికి పైగా ఉద్యోగుల మీద, సుమారు అయిదేళ్లపాటు గమనించి రాసినది. సైకిల్ మీద పనికి వెళ్లేవాళ్లలో, కదలిక లేకుండా ప్రయాణించేవాళ్లతో పోలిస్తే, ఏ కారణంతోనైనా మరణించే ముప్పు 41 శాతం తక్కువగా కనబడింది. ఈ అంకె చెప్పగానే కళ్లు పెద్దవవుతాయి, అప్పుడే నేను బ్రేకు వేస్తాను. ఇది గమనించి తేల్చినదే గాని, సైకిల్ వల్లే తగ్గిందని నిరూపించినది కాదు. సైకిల్ ఎక్కేవాళ్లు ముందునుంచే కొంత ఆరోగ్యవంతులై ఉండొచ్చు. పరిశోధకులు వయసు, పొగతాగడం, తిండి వంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ అనుమానం పూర్తిగా పోదు. నాకు దానికన్నా చిన్న లెక్క ఇష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చెబుతుంది. 5 కిలోమీటర్ల దారి, పోను రాను 40 నిమిషాలు. వారానికి నాలుగు రోజులైతే 160. వ్యాయామశాల చందా కట్టి వెళ్లకపోవడం కన్నా ఇది నయం.

కొందరిని మాత్రం వదిలేయాలి. పొద్దున్నే ఇద్దరు పిల్లలను రెండు బడుల్లో దింపి వచ్చే తల్లికి సైకిల్ గొప్పతనం చెప్పడం అన్యాయం. డాక్టరు వద్దన్నవాళ్లు, అర్ధరాత్రి షిఫ్టు దిగేవాళ్లు కూడా అంతే. ఇంకో సంగతి, నా కింద పనిచేసేవాళ్లను నేను ఎప్పుడూ అడగను. నేను అడిగితే వాళ్లు కాదనలేరు. నన్ను మెప్పించడానికి ఎండలో తొక్కి, నన్ను తిట్టుకుంటూ వచ్చే సైకిల్ నాకు వద్దు.

పోటీలంటే కూడా నాకు పడదు. ఎవరు ఎన్ని కిలోమీటర్లు తొక్కారో తెర మీద వరసగా వేసే పోటీ మా దగ్గరా ఒకసారి పెట్టారు. మొదటి మూడు స్థానాల్లో ఎప్పటినుంచో తొక్కుతున్న ముగ్గురే ఉన్నారు, అందులో నేనూ ఒకదాన్ని. రెండు కిలోమీటర్ల దూరం నుంచి కొత్తగా వస్తున్న మనిషి జాబితా అడుగున పడింది. నిజానికి ఆ నెలలో మారింది ఆ ఒక్క మనిషే. బహుమతి ఇవ్వాలంటే మొదటిసారి వచ్చినవాళ్లకు ఇవ్వండి, లేదా అసలు ఇవ్వకండి. వచ్చిన రోజు ఎవరో ఒకరు కిందికి దిగి, తాళం ఎలా వేయాలో చూపించి, టీ ఇప్పిస్తే చాలు. వారానికి ఒక్కరోజు వస్తానంటే ఆ ఒక్కరోజే రమ్మనండి. మిగతా రోజులు ఎందుకు రాలేదని అడిగారో, ఆ ఒక్కటీ పోతుంది.

ప్రస్తుతం నా పేచీ స్టాండు దగ్గరి దీపం గురించి. పొద్దు తొందరగా వాలే నెలల్లో సాయంత్రం అక్కడ తాళం రంధ్రం కనబడదు. ఫోను పళ్లతో పట్టుకుని, దాని వెలుగులో రెండు చేతులతో తాళం తీస్తున్నాం. భవనం చూసుకునేవాళ్లకు ఉత్తరం రాశాను, జవాబు లేదు. నిన్న అదే ఉత్తరం మళ్లీ అచ్చుతీసి, ఈసారి కింద కొనుగోళ్ల విభాగం పెద్దాయనచేత కూడా సంతకం పెట్టించాను. దీపాలు కొనే కాగితాలు కదిలేది ఆయన బల్ల మీదనే.